పురుగుల కోసం తోట కౌలుకు తీసుకున్న మనిషి

మన దగ్గర మామిడి తోటల్ని కాపు మీద అమ్ముకోవడం అందరికీ తెలిసిందే. నేల రైతుదే, చెట్లూ రైతువే. ఆ ఏడాది కాసే కాయ మీద మాత్రం హక్కు కొనుక్కున్నవాళ్లది. దాదాపు ఇలాంటి ఒప్పందమే 1930లలో అమెరికాలో ఒకాయన చేసుకున్నారు. న్యూయార్క్ నగరం పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో, బాల్డ్విన్ అనే ఊరి దగ్గర ఒక పాత పండ్ల తోట ఉండేది. ఆ తోటకు కొద్దిపాటి అద్దె కట్టి ఆయన తీసుకున్నది కాయ మీద హక్కు కాదు, గడ్డి మీద హక్కూ కాదు. ఆ తోటలో ఉండే పురుగుల మీద హక్కు!

వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ, ఆ మనిషి బతుకంతా ఆ పురుగుల మీదే నడిచింది. వాటి ఫోటోలు తీశారు, వాటి గురించి పుస్తకాలు రాశారు, దాంతోనే ఇల్లు గడుపుకున్నారు. పేరు ఎడ్విన్ వే టీల్. డీడీటీని లోకమంతా నెత్తిన పెట్టుకుంటున్న రోజుల్లోనే, ఇది జాగ్రత్తగా వాడాల్సిన మందు అని బయటికి చెప్పిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అందుకే ఆయన కథ మనలాంటి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు తెలుసుకోవాల్సినది.

తాతగారి పొలంలో మొదలు

టీల్ 1899 జూన్ 2న ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే పట్టణంలో పుట్టారు. నాన్న రైల్వేలో మెకానిక్. అమ్మ టీచరుగా పనిచేసిన మనిషి. ఊళ్లో రైళ్ల చప్పుడు, పొగ. కానీ సెలవులొస్తే చాలు, పిల్లవాడు ఇండియానా రాష్ట్రంలో ఇసుక దిబ్బల పక్కన ఉన్న అమ్మమ్మ తాతల పొలానికి చేరిపోయేవాడు. ఆ పొలం పేరు లోన్ ఓక్. ఆ వయసులో చూసిన చెట్లూ పిట్టలూ పురుగులే ఆయనకు మొదటి బడి. మొదటి కెమెరా కొనుక్కున్నది కూడా ఆ పొలంలో స్ట్రాబెర్రీలు కోసి సంపాదించిన కూలి డబ్బుతోనే. పన్నెండేళ్ల వయసులో తన పేరు కూడా తానే మార్చుకున్నాడు. అమ్మ పుట్టింటి పేరు 'వే'. అది తన పేరు మధ్యలో పెట్టుకుని ఎడ్విన్ వే టీల్ అయ్యాడు. ప్రకృతి గురించి రాసే మనిషినవుతానని అప్పుడే గట్టిగా అనుకున్నాడట.

అనుకున్నంత మాత్రాన అయిపోదు కదా. చదువు అయ్యాక 1923లో నెలీ డోనవన్‌ను పెళ్లి చేసుకున్నారు. కొంతకాలం పాఠాలు చెప్పి, తర్వాత న్యూయార్క్ చేరుకున్నారు. 1928లో పాపులర్ సైన్స్ అనే పత్రికలో ఉద్యోగం దొరికింది. కొత్త యంత్రాలు, కొత్త కనిపెట్టుళ్లు, వాటి గురించి వ్యాసాలు రాయడం పని. ఆ ఉద్యోగంలో 13 ఏళ్లు ఉన్నారు. పగలంతా యంత్రాల గురించి రాసి, మిగిలిన టైములో, సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని పురుగుల వెంట పడేవారు.

పురుగుల తోట

మనం తోట వేస్తే పురుగు రాకూడదని చూస్తాం. ఆయన పురుగు రావాలనే తోట వేశారు. వాటికి నచ్చే మొక్కలు ఏరి కోరి నాటారు. ఆకు తినేవాటికి ఆకు, తేనె తాగేవాటికి పువ్వు, వాటిని వేటాడేవాటికి దాక్కునే చోటు. అంతా సిద్ధం చేసి, వచ్చినవాటిని వచ్చినట్టు చూస్తూ కూర్చునేవారు. ఏ పురుగు ఏ ఆకు మీద గుడ్డు పెట్టింది, అది ఎన్నాళ్లకు పగిలింది, పిల్ల పురుగు ఏం తింది, దాన్ని ఏది తింది... ఇదే ఆయన దినచర్య.

అప్పటి కెమెరాలు ఇప్పటిలా కావు. ఫిల్మ్ వేసి తీయాలి, కడిగేదాకా బొమ్మ వచ్చిందో లేదో తెలియదు. పురుగేమో క్షణం కుదురుగా ఉండదు. దానికి ఆయన ఒక ఉపాయం పట్టారు. పురుగును కాసేపు ఐస్ పెట్టెలో ఉంచేవారు. పురుగుల ఒంట్లో మనలాగా సొంత వేడి ఉండదు. బయట చల్లబడితే అవీ చల్లబడి మందగిస్తాయి. బయటికి తీసి ఆకు మీద పెడితే మళ్లీ ఒళ్లు వేడెక్కి కదిలేలోపు ఫోటో తీయడానికి కొంచెం వ్యవధి దొరుకుతుంది. మనం ఐస్ పెట్టె జోలికి పోనక్కర్లేదు, తెల్లవారుజామున మంచు తడి ఆరకముందు పొలానికి వెళ్తే చాలు. ఆ పని ప్రకృతే చేసి పెట్టి ఉంటుంది.

అలా తీసిన ఫోటోల్లోంచి వందకు పైగా ఏరి, వాటికి తన మాటలు చేర్చి 1937లో 'గ్రాస్‌రూట్ జంగిల్స్' అనే పుస్తకం తెచ్చారు. గడ్డి దుబ్బుల అడవులు అని మన భాషలో చెప్పుకోవచ్చు. పెరట్లో కాలి కింద పడే గడ్డిలో ఒక అడవి ఉందనీ, అందులో పులులూ జింకలూ లాగే వేటాడేవీ వేటకు చిక్కేవీ ఉన్నాయనీ జనం కళ్లతో చూశారు. పురుగు ముఖం పెద్దదిగా కనబడేసరికి దాని మీద ఆసక్తి పుట్టింది. 1940లో తేనెటీగల మీద ఒక పుస్తకం, 1942లో ఆ కౌలు తోట కథ 'నియర్ హొరైజన్స్' వచ్చాయి. ఈ రెండో పుస్తకానికి మరుసటి ఏడాది జాన్ బరోస్ మెడల్ ఇచ్చారు. ప్రకృతి రచనలకు అమెరికాలో అది చాలా గౌరవమైన బహుమతి.

ఈలోగా ఒక పెద్ద నిర్ణయం జరిగిపోయింది. 1941 అక్టోబరు 15న ఆయన ఉద్యోగం మానేశారు. నెలనెలా వచ్చే జీతం పోయింది. ఇంట్లో భార్య, ఎదుగుతున్న కొడుకు. బయట రెండో ప్రపంచ యుద్ధం. ఇకమీదట పురుగుల ఫోటోలూ రాతలే తిండి పెట్టాలి. అయినా ఆ రోజును ఆయన తన సొంత స్వాతంత్ర్య దినంగా చెప్పుకునేవారు. జీతం వదిలి సాగులోకి వచ్చిన మిత్రులు మనలోనూ చాలామంది ఉన్నారు. ఆ రోజు గుండెల్లో ఎలా ఉంటుందో వాళ్లకు వేరే చెప్పాలా!

1945: ఒకే ఏడాది రెండు దెబ్బలు

డీడీటీ పురుగుల్ని చంపుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పౌల్ ముల్లర్ 1939లో కనిపెట్టారు. యుద్ధంలో సైనికుల ఒంటి మీది పేలనూ, మలేరియా దోమల్నీ చంపడానికి దాన్ని విపరీతంగా వాడారు. నిజం చెప్పాలంటే అది చాలామంది ప్రాణాలు కాపాడింది కూడా. 1948లో ముల్లర్‌కు నోబెల్ బహుమతీ వచ్చింది. యుద్ధం అయిపోగానే ఇదే మందు పొలాలకూ పెరళ్లకూ వస్తుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఇక పురుగు అనేదే ఉండదని పత్రికలు రాస్తున్నాయి.

సరిగ్గా ఆ సమయంలో, 1945 మార్చిలో, నేచర్ మ్యాగజైన్ అనే పత్రికలో టీల్ డీడీటీ మీద ఒక వ్యాసం రాశారు. ఆయన వాదన మనకు కొత్తేమీ కాదు. పురుగుల్లో ఎక్కువ శాతం మనిషికి మేలు చేసేవో, కీడు చేయనివో. మంచీ చెడూ చూడకుండా అన్నింటినీ చంపే మందు చల్లితే ప్రకృతిలో లెక్క తప్పుతుంది. పూతను పిందెగా మార్చే పురుగు పోతుంది, పురుగును తినే పురుగు పోతుంది, వాటి మీద బతికే పిట్ట పోతుంది. తోటలో ఏళ్ల తరబడి కూర్చుని ఎవరు ఎవర్ని తింటున్నారో కళ్లారా చూసిన మనిషి కాబట్టి ఆ మాట అనగలిగారు.

ఆ 1945లోనే ఆయన ఒక్కగానొక్క కొడుకు డేవిడ్ జర్మనీలో యుద్ధంలో చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి భార్యాభర్తలు పట్టుకున్నది మళ్లీ ప్రకృతినే. 1947లో ఇద్దరూ కారులో బయల్దేరి, దక్షిణాన ఫ్లోరిడా నుంచి ఉత్తరాన కెనడా సరిహద్దు దాకా వసంతం వెంటే 17,000 మైళ్లు తిరిగారు. మన లెక్కలో 27,000 కిలోమీటర్ల పైమాటే. తర్వాత శరత్తు, వేసవి, శీతాకాలం కూడా అలాగే తిరిగారు. ఒక్కో ప్రయాణానికి ఒక్కో పుస్తకం, నాలుగు పుస్తకాలూ డేవిడ్‌కే అంకితం. చివరిదైన శీతాకాలం పుస్తకానికి 1966లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

మరి డీడీటీ సంగతి? టీల్ వ్యాసం వచ్చిన ఏడాదే రేచల్ కార్సన్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త కూడా డీడీటీ మీద వ్యాసం రాస్తానని ఒక పెద్ద పత్రికను అడిగారు. వాళ్లు ఆసక్తి చూపలేదు. కార్సన్, టీల్ మంచి స్నేహితులు. ఏళ్ల తర్వాత ఆవిడ పురుగుమందుల మీద పుస్తకం మొదలుపెట్టినప్పుడు టీల్ ప్రోత్సాహమిచ్చి వెన్నంటి నిలబడ్డారు. 1962లో వచ్చిన ఆ 'సైలెంట్ స్ప్రింగ్' ఏం చేసిందో మనకు తెలుసు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. మన దేశంలో సాగులో డీడీటీ వాడకాన్ని 1989లో ఆపేశారు. టీల్ వ్యాసానికీ మన దగ్గర నిషేధానికీ మధ్య 44 ఏళ్లు! ముందే చూసి చెప్పినవాడి మాట పొలం దాకా రావడానికి అంత కాలం పట్టింది.

ఆలోపు మనం ఏం పోగొట్టుకున్నామో తెలుగు రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక మందు పోతే ఇంకో మందు వచ్చింది. 1997-98లో వరంగల్ పత్తి చేలల్లో లద్దె పురుగు విరుచుకుపడితే మందు మీద మందు కొట్టినా లొంగలేదు. పంట పోయింది, అప్పు మిగిలింది, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయం నుంచే పురుగుమందు లేని సాగు వైపు అడుగులు పడ్డాయి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల, అప్పటి వరంగల్ జిల్లా ఏనెబావి లాంటి ఊళ్లు పురుగుమందులకు దండం పెట్టేశాయి. ఆ రైతులు మందు మానేసి ఊరుకోలేదు. పురుగు ఎప్పుడు గుడ్డు పెడుతుంది, ఎప్పుడు పిల్ల అవుతుంది, ఎప్పుడు రెక్కల పురుగు అవుతుంది అని దాని బతుకును చదవడం నేర్చుకున్నారు. టీల్ తన తోటలో చేసిన పని కూడా ఇదే.

18 సెంట్ల తోట, 2,673 జీవులు

ఇదంతా పెద్ద పెద్ద అడవుల పక్కన సాధ్యం గానీ మన చిన్న చెలకల్లో ఏముంటుందండీ అనే సందేహం రావచ్చు. దానికి ఇంగ్లండ్‌లో జెన్నిఫర్ ఓవెన్ అనే జంతుశాస్త్రవేత్త జవాబు చెప్పారు. లెస్టర్ నగరంలో ఆవిడ ఇంటి తోట మొత్తం 741 చదరపు మీటర్లు. అంటే మన లెక్కలో సుమారు 18 సెంట్లు. అడవి కాదు, ఊరి మధ్యలో మామూలు పెరడు. పూలు, కూరగాయలు, గడ్డి. పురుగుమందు మాత్రం వాడలేదు. 1972 నుంచి 2001 దాకా 30 ఏళ్లు ఆ తోటలో కనిపించిన ప్రతి ప్రాణినీ లెక్క రాశారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చినా లెక్క ఆపలేదు.

మొత్తం ఎంత తేలిందో చూడండి: 2,673 రకాలు. అందులో మొక్కలు 474, పురుగులు 1,997, వెన్నెముక లేని ఇతర చిన్న జీవులు 138, పిట్టలూ కప్పల్లాంటి వెన్నెముక ఉన్నవి 64. పురుగుల్లో 500కు పైగా రకాలు ఇక్న్యూమన్ అనే జాతి కందిరీగలే. ఇవి వేరే పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టి వాటిని లోపలి నుంచే తినేసే మిత్ర పురుగులు. వాటిలో నాలుగు రకాలు అప్పటిదాకా సైన్సుకే తెలియనివి. 18 సెంట్ల పెరట్లో దొరికాయి. మరి మన ఎకరం చేలో, గట్ల మీద, పంచస్తర తోటలో ఏమేమి ఉన్నాయో ఎవరైనా లెక్క పెట్టారా?

ఫోటో పొలానికి ఏం పనికొస్తుంది?

చాలా పనికొస్తుంది. మనలో చాలామంది ఆకు మీద పురుగు కనబడగానే నీమాస్త్రమో అగ్నిఅస్త్రమో కలపడానికి బయల్దేరుతాం. కషాయమే కదా, నష్టం లేదు అనుకుంటాం. కానీ అగ్నిఅస్త్రంలో పొగాకు పడుతుంది. పొగాకులోని నికోటిన్‌కు ఇది శత్రువు, ఇది మిత్రుడు అని తేడా తెలియదు. తగిలినదాన్నల్లా దెబ్బ కొడుతుంది. కాబట్టి పిచికారీ చేసే ముందు ఆకు మీద ఉన్నది ఎవరో తెలియాలి. ముఖ్యంగా ఈ ఐదింటినీ శత్రువులనుకుని మనం చేజేతులా చంపుకుంటుంటాం:

ఒకటి, అక్షింతల పురుగు పిల్ల. పెద్దదాన్ని అందరూ గుర్తుపడతారు, ఎర్రగా గుండ్రంగా చుక్కలతో ఉంటుంది. దాని పిల్ల మాత్రం బూడిద నలుపు రంగులో, పొడుగ్గా, ముళ్లముళ్లుగా, మొసలి పిల్లలా ఉంటుంది. పేనుబంకను తినడంలో తల్లికి ఏమాత్రం తీసిపోదు.

రెండు, సన్నని దారం చివర తెల్లగా నిలబడి ఉన్న గుడ్డు. ఆకు మీద బూజు అనుకుంటాం. అది క్రైసోపా గుడ్డు. దాని పిల్ల పేనుబంకనూ చిన్న పురుగుల గుడ్లనూ తింటుంది.

మూడు, పేనుబంక గుంపులో కాళ్లు లేకుండా జలగలా పాకే చిన్న పురుగు. అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. పెద్ద ఈగ తేనెటీగలా చారలతో ఉండి పువ్వు ముందు గాలిలో ఒకేచోట నిలబడుతుంది.

నాలుగు, ఉబ్బి గోధుమ రంగుకు తిరిగి కదలకుండా ఉన్న పేనుబంక. దాని లోపల కందిరీగ పిల్ల పెరుగుతోంది. ఆ ఆకును కోసి పారేయొద్దు.

ఐదు, బియ్యం గింజల్లాంటి చిన్న తెల్ల గూళ్లు అంటుకుని ఉన్న లద్దె పురుగు. ఆ గూళ్లు పురుగు గుడ్లు కావు, దాన్ని లోపలి నుంచి తినేసి బయటికొచ్చిన కందిరీగలవి. ఆ లద్దె పురుగు ఎలాగూ చస్తుంది, గూళ్లను ఉండనివ్వండి.

వీటిని మాటల్లో ఎంత చెప్పినా ఒక్క ఫోటోతో వచ్చే గుర్తు రాదు. అందుకే మీ ఫోన్ తీయండి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు వెళ్లండి. ఆకు పైభాగం కంటే అడుగుభాగం ముఖ్యం. చేతిని మొక్కకో కర్రకో ఆనించి తీస్తే ఫోటో అదరదు. మొదట మొక్క మొత్తం, తర్వాత ఆకు, ఆఖరున పురుగు దగ్గరగా, ఇలా మూడు ఫోటోలు తీయండి. ఫోన్‌కు తగిలించే చిన్న మ్యాక్రో లెన్సు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఉంటే మరీ మంచిది. పురుగు పేరు తెలియకపోయినా పర్వాలేదు. అది ఏం చేస్తోందో ఫోటోలో పడితే చాలు: ఆకు తింటోందా, ఇంకో పురుగును తింటోందా? పేరు కోసం తర్వాత కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు చూపించవచ్చు.

ఇంకో మాట. పంట మీద ముందు వచ్చేది శత్రువే. దాన్ని తినే మిత్రుడు వెనకాల వస్తాడు. తిండి లేని చోటికి ఎవరూ రారు కదా. ఈ మధ్యలో ఉండే కొద్ది రోజులే రైతుకు గండం. అప్పు చేసి పంట పెట్టినవాడికి ఓపిక పట్టమని చెప్పడం తేలిక, పట్టడం కష్టం. అందుకే కళ్ల మీద కాదు, లెక్క మీద ఆధారపడాలి. చేలో అక్కడక్కడా ఒక ఇరవై మొక్కలకు గుడ్డ పీలిక కట్టుకుని, మూడు రోజులకోసారి వాటినే చూసి, శత్రువులెన్ని, మిత్రులెన్ని అని నోటుబుక్కులో రాయండి. మిత్రుల సంఖ్య పెరుగుతుంటే పంపు పక్కన పెట్టొచ్చు. శత్రువులే పెరుగుతూ మిత్రులు కనబడకపోతే అప్పుడు కషాయం, అది కూడా పురుగు ఉన్న చోట మాత్రమే. గట్ల మీద బంతి, చుట్టూ జొన్న, మధ్యలో అలసంద వేస్తే మిత్రులకు ముందే ఇల్లు కట్టి పెట్టినట్టు. టీల్ తన కౌలు తోటలో చేసిందీ ఇదే.

చివరి మజిలీ

1959లో టీల్ దంపతులు లాంగ్ ఐలాండ్ వదిలి కనెక్టికట్ రాష్ట్రంలో హాంప్టన్ అనే పల్లె దగ్గర ఒక పాత పొలం కొనుక్కున్నారు. దానికి ట్రైల్ వుడ్ అని పేరు పెట్టుకున్నారు. ఈసారి పురుగుల మీద హక్కు ఒక్కటే కాదు, నేలంతా వాళ్లదే. చెరువు పక్కన చిన్న గుడిసె కట్టుకుని అందులో రాసుకునేవారు. ఆ పొలం కథను 1974లో పుస్తకంగా తెచ్చారు. రోజూ చూసింది రోజూ రాసుకునే అలవాటు మాత్రం మానలేదు. ఆ నోట్సు, ఫోటోలు, ఉత్తరాలు ఇప్పుడు కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. 1980 అక్టోబరు 18న టీల్, 1993లో నెలీ కన్నుమూశారు. వారసుడు లేని ఆ పొలం కనెక్టికట్ ఆడుబాన్ సొసైటీ చేతికి వెళ్లింది. ఇప్పుడది అభయారణ్యం. ఎవరైనా వెళ్లి ఆ దారుల్లో నడవొచ్చు.

మనకు అంత దూరం పోవాల్సిన పనేం లేదు. రేపు పొద్దున కషాయం డ్రమ్ము మూత తీసే ముందు ఫోన్ పట్టుకుని చేను ఒక చుట్టు తిరిగి రండి. పది ఆకులు తిప్పి చూడండి. ఏం కనబడిందో తారీఖు వేసి రాసుకోండి. ఆ తర్వాతే మూత తీయాలో వద్దో తేల్చుకోండి.